ఏ.పి.సి. మాత్ర కథ

చరిత్ర వ్యాసం రాయమంటే మనవాళ్లు సాధారణంగా కోటల గురించో, నవాబుల గురించో రాస్తారు. నేను ఈసారి ఒక మాత్ర చరిత్ర రాస్తున్నాను. పెద్దలు విస్తుపోవద్దని మనవి. ఈ మాత్ర మన ఇళ్లలో చాలామంది వాడినదే. మా అబ్బా చెప్పేవారు, మా దాదీమా సాయంత్రం పూట తలకు దస్తీ బిగించి కట్టుకొని, చాయ్‌తో ఒక తెల్ల మాత్ర మింగితే గాని లేచి పని అందుకునేది కాదట. సర్కారు దవాఖానాలో కాంపౌండరు పెద్ద డబ్బాలోంచి లెక్కపెట్టి, కాగితంలో చుట్టి ఇచ్చేవాడట. దాని పేరు ఏ.పి.సి. ఒళ్లు నొప్పులకూ అదే, జ్వరానికీ అదే, తలనొప్పికీ అదే.

ఆ మూడక్షరాలు మూడు మందుల పేర్లని దాదీమాకు తెలియదు. ఏ అంటే ఆస్పిరిన్, పి అంటే ఫెనాసిటిన్, సి అంటే కెఫీన్. అమెరికాలో చాలాకాలం చలామణీ అయిన మాత్రలో ఆస్పిరిన్ 227 మిల్లీగ్రాములు, ఫెనాసిటిన్ 162, కెఫీన్ 32 ఉండేవి. ఈ మూడింటిలో ఒకటి రోజూ మింగేవారి మూత్రపిండాలను మెల్లగా పాడుచేస్తుందన్న సంగతి లోకానికి తెలియడానికి అరవై ఆరేళ్లు పట్టింది. అది ఏది అని తేల్చడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. అంత ఆలస్యం ఎందుకయిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ప్రయోగశాల సంగతి చెప్పాలి. ఎందుకంటే అక్కడ ఈ మూడింటినీ విడదీయడం ఒక మధ్యాహ్నం పని. డిగ్రీ చదివే కుర్రవాళ్లు కూడా చేస్తారు. మాకు ఇచ్చిన తెల్లని పొడిలో ఫెనాసిటిన్‌కు బదులు దాని అన్న వంటి ఎసిటానిలైడ్ ఉండేది గాని, పద్ధతి మాత్రం అదే.

మాత్రను నూరి క్లోరోఫారంలో వేసి కలిపితే మూడు మందులూ కరుగుతాయి. మాత్ర విరగకుండా పట్టి ఉంచే పిండి కరగదు. దాన్ని వడగట్టి పారేయాలి. మిగిలిన ద్రవాన్ని కింద కుళాయి ఉన్న గాజు గరాటులో పోస్తారు. దాన్ని సెపరేటింగ్ ఫన్నెల్ అంటారు, మా ఉర్దూ పాఠాల్లో గరాటును కీఫ్ అంటాము. అందులో సోడియం బైకార్బొనేట్, అంటే మన వంటసోడా, నీళ్లలో కలిపి పోసి ఊపాలి. ఆస్పిరిన్ ఆమ్లం గనుక సోడాతో కలిసి లవణంగా మారి నీళ్లలోకి వచ్చేస్తుంది. ఫెనాసిటిన్, కెఫీన్ కదలవు. క్లోరోఫారం నీటికంటే బరువు కాబట్టి కిందికి దిగుతుంది, నీళ్లు పైన తేలుతాయి. కుళాయి తిప్పి కింది పొరను వేరే పాత్రలోకి వదిలితే ఒక మందు విడిపోయినట్టే. పై నీళ్లలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు చుక్కలుగా వేస్తే ఆస్పిరిన్ మళ్లీ తెల్లగా గడ్డకట్టి కనిపిస్తుంది. ఊపేటప్పుడు గ్యాసు పుడుతుంది, మధ్యమధ్య కుళాయి తెరిచి వదలాలి. నేను మొదటిసారి వదలడం మరిచాను. బిరడా ఎగిరి పైకప్పుకు తగిలింది. మా లెక్చరరు గారు ఏమీ అనకుండా మళ్లీ మొదటినుంచి చెయ్యమన్నారు. ఆ మౌనమే ఎక్కువ శిక్ష.

ఇక కెఫీన్ బలహీనమైన క్షారం. దాన్ని లాగాలంటే ఈసారి నీళ్లలో ఆమ్లం కలిపి ఊపాలి. అదీ ఒక్కసారికి రాదు, రెండు మూడుసార్లు బతిమాలాలి. వచ్చిన నీళ్లలోని ఆమ్లాన్ని విరగ్గొట్టి, కొత్త క్లోరోఫారంతో మళ్లీ లాగితే కెఫీన్ చేతికి వస్తుంది. ఆమ్లమూ కాని, క్షారమూ కాని ఫెనాసిటిన్ చివరిదాకా మొదటి క్లోరోఫారంలోనే కూర్చుంటుంది. ఆవిరి పట్టిస్తే మిగిలేది అదే.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఆస్పిరిన్ సుమారు 135 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఫెనాసిటిన్ కూడా దాదాపు అక్కడే కరుగుతుంది. రెండూ తెల్లవే. రెండు సీసాల మీది చీటీలు ఊడిపోతే కంటితో గాని, ఒక్క థర్మామీటరుతో గాని ఏది ఏదో చెప్పలేము. కాని రెండింటినీ కలిపి కరిగిస్తే 135 దాకా ఆగదు, అంతకంటే చాలా కిందనే కరిగిపోతుంది. కలిసినప్పుడు దేని గుణమూ దానిది కాకుండా పోతుందన్న మాట. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందు పని పడుతుంది.

ఇప్పుడు ఈ మూడు మందులు ఎక్కడినుంచి వచ్చాయో చూద్దాం.

ఆస్పిరిన్ కథ చాలామందికి తెలుసు. విల్లో చెట్టు బెరడులోని చేదు పదార్థాన్ని 1828లో మ్యూనిక్‌లో బుక్నర్ వేరు చేశాడు. 1897లో జర్మనీలో బేయర్ కంపెనీలో హాఫ్‌మన్ శుద్ధమైన ఆస్పిరిన్ తయారుచేశాడు. ఆ ఘనత తనదేనని అదే కంపెనీలో పనిచేసిన ఐషెన్‌గ్రూన్ 1949లో రాశాడు. ఆ తగవు ఇప్పటికీ తెగలేదు. కెఫీన్ కథ ఇంకా ముచ్చటైనది. 1819లో జర్మన్ మహాకవి గోథే, రుంగే అనే పాతికేళ్ల కుర్ర రసాయనవేత్త ప్రయోగం చూసి మెచ్చుకొని, కొన్ని కాఫీగింజలు చేతిలో పెట్టి వీటిలో ఏముందో చూడమన్నాడు. రుంగే చూశాడు. దొరికింది కెఫీన్.

ఫెనాసిటిన్ పుట్టుక వెనుక మాత్రం ఒక పొరపాటు ఉంది. 1886 ప్రాంతంలో స్ట్రాస్‌బర్గ్‌లో కాన్, హెప్ అనే ఇద్దరు యువ వైద్యులు కడుపులో పురుగులున్న రోగికి నాఫ్తలీన్ ఇవ్వబోయారు. మందుల దుకాణంవారు పొరపాటున వేరే తెల్ల పొడి ఇచ్చారు. పురుగులు పోలేదు గాని రోగి జ్వరం దిగిపోయింది. వాసన లేదేమిటని అనుమానం వచ్చి పరీక్షిస్తే అది ఎసిటానిలైడ్ అని తేలింది. దాన్నే జ్వరం మందుగా అమ్మడం మొదలుపెట్టారు. చవక, పనిచేస్తుంది. అయితే కొందరు రోగుల పెదవులు, గోళ్లు నీలంగా మారేవి.

దీన్ని చూసి బేయర్ కంపెనీలో డూయిస్‌బర్గ్ అనే ఉద్యోగికి ఒక ఆలోచన వచ్చింది. వారి రంగుల ఫ్యాక్టరీలో పనికిరాని పదార్థం ఒకటి గుట్టలుగా పడి ఉంది. దాన్ని ఎసిటానిలైడ్‌లాంటి మందుగా మార్చలేమా అని హిన్స్‌బర్గ్ అనే రసాయనవేత్తకు పని అప్పగించాడు. 1887లో ఫెనాసిటిన్ పుట్టింది. రంగుల కార్ఖానా చెత్తలోంచి వచ్చిన ఆ పొడి ఆ కంపెనీని మందుల కంపెనీగా నిలబెట్టింది. నీలం పెదవుల బాధ దీనిలో తక్కువ. అందరూ సంతోషించారు.

మరి మూడింటినీ ఎందుకు కలిపారు? మన హకీములు నుస్ఖాలో నాలుగు మూలికలు రాసినట్టు, ఒకదాని బలం ఇంకొకదానికి తోడవుతుందని నమ్మకం. తలా కొంచెం తగ్గించి వేస్తే ఒక్కొక్కదాని కీడు తగ్గుతుందని కూడా అనుకున్నారు. పైగా కెఫీన్ వేస్తే మాత్ర మింగినవాడికి కాస్త హుషారు వస్తుంది. ఆ హుషారే తర్వాత కొంప ముంచింది. రోజూ కెఫీన్‌కు అలవాటు పడినవాడు మానేస్తే తలనొప్పి వస్తుంది. తలనొప్పి వస్తే మళ్లీ మాత్ర. చాయ్ మానిన రోజు మనకూ అనుభవమే కదా.

ఇలా కలిపి అమ్మేవారిలో మంచివారూ ఉన్నారు, మాయగాళ్లూ ఉన్నారు. అమెరికాలో 1906లో ఆహారం, మందుల శుద్ధతపై చట్టం వచ్చింది. మందులో ఎసిటానిలైడ్ గాని, దాని సంతతి గాని ఉంటే సీసా మీద రాయాలని అందులో నియమం. ఆ చట్టం కింద మొట్టమొదట బోనెక్కినవారిలో వాషింగ్టన్ వ్యాపారి రాబర్ట్ హార్పర్ ఒకడు. ఆయన తలనొప్పి మందు పేరులోనే తలనొప్పికి నివారణ, మెదడుకు ఆహారం అని ఉండేది. ప్రభుత్వ రసాయనవేత్తలు దాన్ని విడదీసి చూస్తే మెదడుకు ఆహారం ఏమీ కనబడలేదు. ఆల్కహాలు, కెఫీన్, ఎసిటానిలైడ్ వగైరాలు కనబడ్డాయి. 1908లో 700 డాలర్ల జరిమానా వేశారు. ఆయన ఆ మందు మీద సంపాదించినదాని ముందు అది చిల్లర.

అయితే సీసాలోని మిశ్రమాన్ని విడదీయడం వేరు, మనిషి ఒంట్లోకి పోయాక విడదీయడం వేరు. ఆ రెండో పని 1946లో న్యూయార్క్‌లో మొదలైంది. బ్రోడీ అనే శాస్త్రజ్ఞుడి దగ్గరికి జూలియస్ ఆక్సెల్‌రాడ్ అనే ముప్ఫై మూడేళ్ల లాబ్ ఉద్యోగి సలహా కోసం వచ్చాడు. అంతకుముందు విటమిన్లు పరీక్షించే లాబొరేటరీలో పనిచేసేవాడు. అమ్మోనియా సీసా పేలి ఒక కన్ను పోగొట్టుకున్నాడు. అప్పటికి డాక్టరేటు కూడా లేదు. ఎసిటానిలైడ్ మింగితే పెదవులు ఎందుకు నీలమవుతాయన్నది ప్రశ్న. మింగినవారి రక్తం, మూత్రం తీసుకొని, తగిన ద్రావకంతో ఊపి, పొరలు వేరుచేసి వెతికారు. పైన నేను చెప్పిన కుర్రవాళ్ల పద్ధతికి ఇది పెద్దన్న. ఒంట్లో ఎసిటానిలైడ్‌లో కొంత భాగం అనిలీన్ అనే విషంగా మారుతుందని, పెదవులు నీలం కావడానికి అదే కారణమని తేలింది. ఎక్కువ భాగం మాత్రం ఇంకో పదార్థంగా మారుతుంది, నొప్పి తగ్గించేది నిజానికి అదే. ఆ పదార్థం పారాసిటమాల్. 1948లో ఇది అచ్చయింది. మరుసటేడు ఫెనాసిటిన్ కూడా ఒంట్లో ఎక్కువగా పారాసిటమాల్‌గానే మారుతుందని తేల్చారు.

అంటే అరవై ఏళ్లుగా జనం ఫెనాసిటిన్ పేరుతో పారాసిటమాల్ గుణాన్నే పొందుతూ, దాని పక్కనున్న కీడును ఉచితంగా మింగుతున్నారన్న మాట! పారాసిటమాల్ కొత్తదా అంటే అదీ కాదు. 1878లోనే మోర్స్ తయారుచేశాడు. 1893లో ఫాన్ మేరింగ్ అనే జర్మన్ వైద్యుడు రోగులకిచ్చి, ఫెనాసిటిన్ కంటే ఇది చెడ్డదని రాశాడు. ఆయన వాడిన పొడి శుద్ధంగా లేదేమో అని తర్వాతివారు అనుమానించారు. సరిగా శుద్ధి చేయని ఒక పొడి మీద పడ్డ మచ్చ యాభై ఏళ్లకు పైగా నిలిచింది. ఆక్సెల్‌రాడ్‌కు 1970లో నోబెల్ బహుమతి వచ్చింది గాని, అది వేరే పరిశోధనకు.

ఇక అసలు బాధ మూత్రపిండాలది. 1953లో జ్యూరిక్‌లో ష్పూలర్, జోలింగర్ అనే ఇద్దరు వైద్యులు ఒక సంగతి రాశారు. మూత్రపిండాలు మెల్లగా ఎండిపోయినట్టయి చనిపోతున్నవారిలో చాలామంది ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు మింగినవారే. స్విట్జర్లాండులో గడియారాల పరిశ్రమ పెద్దది. కళ్లు చికిలించి చిన్న చక్రాలు బిగించే పని. తల నొస్తుంది, మాత్ర మింగితే చెయ్యి ఆడుతుంది.

స్వీడన్‌లో హుస్క్‌వార్నా అనే చిన్న పట్టణం కథ ఇంకా వింతైనది. అక్కడ తుపాకులు, మోటారు సైకిళ్లు, కుట్టు మిషన్లు తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీ ఉంది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు హ్యోర్టన్ అనే ఊరి డాక్టరు ఒక పొడి రాసిచ్చాడు. అందులో ఫెనాసిటిన్, ఫెనజోన్, కెఫీన్ ఉండేవి. జ్వరం పోయింది, పొడి మిగిలింది. ఆ పొడి వేసుకుంటే పని చురుగ్గా సాగుతుందని కార్మికుల్లో పేరుపడింది. పొద్దున కాఫీతో ఒక పొట్లం, మధ్యాహ్నం ఒక పొట్లం. పుట్టినరోజుకు పూలకు బదులు ఈ పొట్లాల కట్ట ఇచ్చుకునేవారట. తండ్రి వాడితే కొడుకూ వాడాడు. కురార్ట్ గ్రిమ్లుండ్ కాదు, కుర్ట్ గ్రిమ్లుండ్ అని ఆ వైద్యుడి పేరు సరిగా రాయాలి, ఆయన ఆ కార్మికులను లెక్కగట్టి, అటువంటిదే ఇంకొక ఫ్యాక్టరీ ఊరితో పోల్చి 1963లో ప్రకటించాడు. పొడి వాడేవారిలో మూత్రపిండాల చావులు కళ్లకు కట్టినట్టు కనిపించాయి. ఆ డాక్టరు హ్యోర్టన్ చెడ్డవాడు కాదు. మహమ్మారి రోజుల్లో చేతనైన మందు ఇచ్చాడు. నేను ఆయన్ని తప్పు పట్టలేను.

ఆస్ట్రేలియాలో ఈ జబ్బు ఎక్కువగా ఆడవాళ్లను పట్టింది. అక్కడ బెక్స్, విన్సెంట్ అనే పేర్లతో ఆస్పిరిన్, ఫెనాసిటిన్, కెఫీన్ పొడి పొట్లాలు కిరాణా కొట్లలో కూడా దొరికేవి. ఇంటిపని, పిల్లలు, విసుగు, తలనొప్పి, ఒక పొట్లం, కప్పు టీ. మా దాదీమా సాయంత్రం చాయ్‌కు, సముద్రాల అవతలి ఆ ఇల్లాళ్ల టీకి ఎంత దగ్గర పోలిక! మెల్బోర్న్‌లో ప్రిసిల్లా కింకెయిడ్-స్మిత్ అనే వైద్యురాలు ఈ రోగుల వెంటపడి, మూత్రపిండంలో దెబ్బ మొదట ఎక్కడ తగులుతుందో చూపించారు. ఒక దశలో ఆ దేశంలో డయాలిసిస్‌కు వచ్చే కొత్త రోగుల్లో సుమారు ఐదుగురిలో ఒకరు ఇలా వచ్చినవారే.

ఇన్ని సాక్ష్యాలున్నా వెంటనే ఎందుకు ఆపలేదని పాఠకులు అడగవచ్చు. ఇక్కడే మిశ్రమం అడ్డం వచ్చింది. ఫెనాసిటిన్ ఒక్కటే ఏళ్ల తరబడి మింగినవాడు వెతికినా దొరకడు. అందరూ కలిపినదే మింగారు. ఫెనాసిటిన్ తప్పు అంటే, కాదు ఆస్పిరిన్ తప్పేమో అని ఒకరు. పెద్ద మోతాదులో ఆస్పిరిన్ ఇచ్చిన ఎలుకల మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నాయి. రెండూ కలిస్తేనే కీడు అని ఇంకొకరు, అలవాటు చేసే కెఫీన్‌దే అసలు నేరమని మరొకరు. మూడు దొంగలు ఒకే ముసుగు కప్పుకుంటే పోలీసు ఏం చేస్తాడు? 135 డిగ్రీల సంగతి గుర్తుంచుకోమన్నది ఇందుకే.

చిక్కుముడిలో ఒక పోగును బయటికి లాగినవారు స్విట్జర్లాండు వాళ్లే. 1968లో బాసెల్ పరిసరాల్లో ఉద్యోగాలు చేసే 30 నుంచి 49 ఏళ్ల ఆడవారి మూత్రం పరీక్షించారు. మీరు మాత్రలు మింగుతారా అని నోటితో అడిగితే నిజం చెప్పరు. మూత్రం అబద్ధమాడదు. ఫెనాసిటిన్ మింగితే అందులో పారాసిటమాల్ కనబడాలి, అది ఆక్సెల్‌రాడ్ చూపించిన దారే. అలా పట్టుబడిన 623 మందిని, పట్టుబడని 621 మందిని పక్కపక్కన పెట్టి పదేళ్లకు పైగా గమనించారు. మాత్రల గుంపులో మూత్రపిండాల జబ్బులు, చావులు ఎక్కువని 1983లో అచ్చయింది.

ఆ లోపల ఒక్కొక్క దేశం మేలుకొంది. కెనడా 1973లో, బ్రిటన్ 1980లో, అమెరికా 1983లో ఫెనాసిటిన్‌ను తొలగించాయి. ఆస్ట్రేలియా 1979లో మిశ్రమ పొడుల బహిరంగ అమ్మకాన్ని కట్టడి చేసింది. మన దేశంలో 1983 జూలైలో ప్రభుత్వం నిషేధించింది. మాత్రల డబ్బాలు దవాఖానాల్లోంచి పోయాయి. ఆ మాత్ర పోయినా పేరు కొంతకాలం పోలేదు, ఏ తెల్ల మాత్రనైనా ఏ.పి.సి. అనే పెద్దలు ఉండేవారు.

శాస్త్రం మాత్రం తీర్పును ఇంకా వాయిదా వేసింది. క్యాన్సర్ కారకాలను వర్గీకరించే అంతర్జాతీయ సంస్థ 1987లో ఫెనాసిటిన్ ఉన్న నొప్పి మిశ్రమాలు మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని మొదటి తరగతిలో చేర్చింది. ఒంటరి ఫెనాసిటిన్‌ను మాత్రం బహుశా కలిగించవచ్చు అనే రెండో తరగతిలో ఉంచింది. దాన్ని కూడా మొదటి తరగతిలో చేర్చిన సంపుటం వెలువడింది 2012లో. గాజు గరాటులో ఒక మధ్యాహ్నం పట్టే పనికి మనుషుల విషయంలో ఇంకో పాతికేళ్లు పట్టింది.

కలపడం మాత్రం మనం మానలేదు. ఫెనాసిటిన్ స్థానంలో పారాసిటమాల్ వచ్చింది, దాని పక్కన ఇంకోటి, ఇంకోటి. డాక్టరు చీటీ మీద ఇచ్చే మిశ్రమ మాత్రల్లో పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు మించరాదని 2011లో మన దేశంలో నియమం పెట్టారు, మోతాదు మించితే కాలేయానికి చేటు గనుక. 2018 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం 328 మిశ్రమ మందులను, 2024 ఆగస్టులో మరి 156ను నిషేధించింది. ఆ రెండో జాబితాలో ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిపిన ఒక నొప్పి మాత్ర కూడా ఉంది. అన్ని మిశ్రమాలూ చెడ్డవని నేననను. క్షయకు, మలేరియాకు మందులు కలిపే ఇస్తారు, కారణం ఉండి ఇస్తారు. నా మాట కారణం లేకుండా కలిపినవాటి గురించి.

మొన్న వేసవి సెలవుల్లో మా గల్లీలో ఉండే ఒక ఖాలా మోకాళ్ల నొప్పులకు తెచ్చుకున్న పొట్లం నా ముందు విప్పింది. నాలుగు మాత్రలు, నాలుగు రంగులు. "బేటా, నువ్వు సైన్సు చెప్తావు గదా, ఇందులో ఏది దేనికి?" అని అడిగింది. తిప్పి తిప్పి చూశాను. స్ట్రిప్పులను కత్తెరతో ముక్కలుగా కత్తిరించి ఇచ్చారు. పేర్లున్న వైపు దుకాణంలోనే ఉండిపోయింది.